అప్‌డేట్: సమురాయ్ షోడౌన్ కొన్నాను, ఇదీ సంగతి

కాంబోల (ఆగకుండా దెబ్బ మీద దెబ్బ కలిపి వేసే) గేములకు అలవాటుపడ్డవాడికి ఎస్‌ఎన్‌కే కంపెనీ వాళ్ల 2019 కత్తుల ఫైటింగ్ గేమ్ సమురాయ్ షోడౌన్ నచ్చుతుందా, ఆ జపనీస్ సిరా బొమ్మల అందం ట్రైలర్ వరకేనా అని అడిగాను కదా. సమాధానం చెప్పిన అందరికీ థాంక్స్. కొన్నాను, తెగ నచ్చింది.

"బటన్లు బాదకు, ఎదుటివాడి కత్తి గురి తప్పేదాకా ఆగు" అన్న సలహా నూటికి నూరుపాళ్లు నిజం. ఇందులోని హావోమారు అనే సమురాయ్ గట్టి వేటు ఒక్కటి తగిలిందంటే లైఫ్ బార్‌లో పెద్ద ముక్కే ఎగిరిపోతుంది. అదే వేటు గాల్లోకి పోతే, కత్తి వెనక్కి తెచ్చుకునేలోపు మన పని అయిపోతుంది. అందుకే ఇద్దరం అడుగు ముందుకీ వెనక్కీ వేస్తూ ఒకరినొకరు కాచుకుని ఉంటాం. ఆ టెన్షన్ నాకు ఇంకే ఫైటింగ్ గేములోనూ దొరకలేదు.

ఇక బొమ్మలు. అన్‌రియల్ ఇంజిన్ 4 అనే గేములు తయారుచేసే సాఫ్ట్‌వేర్‌తో చేసిన 3డీ అయినా, మనుషుల చుట్టూ గీతలు కుంచెతో లాగినట్టే ఉంటాయి. మ్యాచ్ మొత్తంలో ఒక్కసారే వాడగలిగే సూపర్ స్పెషల్ దెబ్బ వేసినప్పుడు చూడాలి, ఉకియో-ఎ అనే పాతకాలపు జపనీస్ చెక్క అచ్చు బొమ్మ కదిలినట్టే!

దెబ్బలు తిన్నకొద్దీ నిండే కోపం మీటర్, అదే రేజ్ గేజ్‌ను ఎప్పుడు పేల్చాలో మాత్రం ఇంకా అంతు చిక్కలేదు. నకోరురు అనే పాత్రతో ఆడేవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.