దుబాయి అట్టపెట్టెలు, అమ్మ క్యాసెట్లు: ఏ రెసిడెన్సీకి పెట్టాలె?

జగిత్యాల పిల్ల:
మాది జగిత్యాల దిక్కు పల్లె. శిల్పకళల ఎంఎఫ్‌ఏ చదువు అయిపోయింది. మా బాపు, చిన్నాయనలు దుబాయిల పనిజేసిన్రు. వాళ్లు తెచ్చిన అట్టపెట్టెలు అటుక మీద ఇంకా ఉన్నయి. నైలాన్ తాడు, చుట్టూత టేపు, నాలుగు దిక్కుల మార్కర్‌తోటి పేరు, ఊరు. ఫోన్లు లేని రోజులల్ల అమ్మ క్యాసెట్ల మాట్లాడి పంపేది, అవి గూడ ఉన్నయి. వీటితోటి ఒక గదంత నింపే కళ, అంటే ఇన్‌స్టలేషన్ చెయ్యాలె. ఇంట్ల జాగ లేదు, పైసల్లేవు. కళాకారులకు కొన్నాళ్లు ఉండి పనిజేసుకోనీకి జాగ ఇచ్చే రెసిడెన్సీలల్ల దేనికి దరఖాస్తు పెడితే మంచిది?

ఖిర్కీ గల్లీ:
ఢిల్లీలో ఖోజ్ అని కళాకారుల సంస్థ ఉంది, చూడు చెల్లె. 1997 నుంచి నడుస్తోంది. వాళ్ల పీర్స్ రెసిడెన్సీ కొత్తగా చదువైనవాళ్ల కోసమే. పైగా వాళ్లుండే ఖిర్కీ ఎక్స్‌టెన్షన్ వీధుల్లోనే అఫ్గాన్లు, ఆఫ్రికావాళ్లు, బిహార్ కూలీలు ఉంటారు. నీ పని అక్కడ ఎవరికీ విడమర్చి చెప్పక్కర్లేదు.

రాజమండ్రి శిల్పి:
పెట్టెలన్నీ మోసుకెళ్లకు తల్లీ. చాలాచోట్ల గది, కాస్త డబ్బు ఇస్తారు, లారీ కిరాయి ఇవ్వరు. నాలుగు మడిచి పట్టుకెళ్లు, మిగతావాటి కొలతలు, ఫొటోలు చాలు.

అసలు సరుకు క్యాసెట్లే. ఆత్రంగా టేప్‌రికార్డర్‌లో పెట్టి నొక్కేవు! రీలు మీద తెల్లబూజు ఉందేమో ముందు చూడు. ఉంటే తెలిసినవాళ్ల చేత తుడిపించు. లోపలి ప్యాడ్ ఊడి ఉంటే, స్క్రూలున్న వేరే డబ్బాలోకి రీలు మార్చి, అప్పుడు కంప్యూటర్‌లోకి ఎక్కించుకో.

దరఖాస్తులో ‘వలస’, ‘జ్ఞాపకం’ అని పేజీ నింపకు, అందరూ అదే రాస్తారు. మార్కర్‌తో రాసిన ఊరిపేరు దగ్గర మొదలుపెట్టు. జపాన్ కళాకారిణి చిహారు షియోటా 2015లో వెనిస్ బినాలే అనే పెద్ద కళాప్రదర్శనకి జనాన్ని అడిగి తాళంచెవులు సేకరించి ఎర్రదారాలకు వేలాడదీసింది. మనవాళ్లు దారం కాపీ కొడతారు, అడగడం కొట్టరు (నా ఏడుపు ఇదే). అమ్మనడిగావా? మొగుడికి చెప్పుకున్న మాటలు గదినిండా పరాయివాళ్లు వింటారు మరి.

గ్రాంటు గోల:
డబ్బుకైతే బెంగళూరు ఐఎఫ్‌ఏ (ఇండియా ఫౌండేషన్ ఫర్ ది ఆర్ట్స్). అది రెసిడెన్సీ కాదు, గ్రాంటు. తెలుగులో రాసినా తీసుకుంటారు.

జగిత్యాల పిల్ల:
అమ్మనడిగిన. సరే అన్నది గని మా నాయినమ్మను తిట్టిన జాగ తీసెయ్యమన్నది. అతికియ్యాల్నా, ఖాళీగ ఇడిసిపెట్టాల్నా?

రాజమండ్రి శిల్పి:
ఖాళీగానే వదులు. ఎన్ని సెకన్లో దరఖాస్తులో రాయి.