దుబాయ్ ఎడారి యాత్ర: నడుం నొప్పి ఉన్నవాళ్లు వెళ్లవచ్చా?

నరసన్నపేట మాస్టారు:
మా అబ్బాయి దుబాయ్‌లో ఉద్యోగం చేస్తున్నాడు. డిసెంబరు మొదటి వారంలో మమ్మల్నిద్దరినీ రమ్మని టిక్కెట్లు తీశాడు. ఒక సాయంత్రం ఎడారి యాత్రకు కూడా డబ్బు కట్టేశాడట. ఇసుక తిన్నెల మీద కారు, ఒంటె సవారీ, ఆ తర్వాత గుడారాల దగ్గర ఆటపాటలు, భోజనం. దాని వీడియో ఒకటి పంపాడు. కారు తిన్నె మీదికి ఎక్కి అవతలికి దూకుతుంటే లోపలివాళ్లు కేకలు పెడుతున్నారు. అది చూసినప్పటి నుంచి మా ఆవిడ ఆ కారు ఎక్కనంటోంది. నాకు 63 ఏళ్లు. రెండేళ్ల కిందట నడుం పట్టేసి పది రోజులు మంచం దిగలేదు. పైగా మా ఆవిడ మాంసం ముట్టదు. వాడిని అడిగితే "ఏమీ కాదు నాన్నా" అంటాడు. ఇంటర్‌లో లెక్కలు తప్పినప్పుడు కూడా అదే మాట అన్నాడు. వెళ్లి వచ్చినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

బొబ్బిలి కోడలు:
మేము పోయిన జనవరిలో వెళ్లాం, మాస్టారూ. భోజనం గురించి అమ్మగారికి బెంగ అక్కరలేదు. అన్నం, పప్పు, రొట్టెలు, కూరగాయ ముక్కలు, శనగలు నూరి చేసే హమ్మస్ ఉన్నాయి. మాంసం నిప్పుల మీద కాల్చేది వేరే చోట. కానీ గరిటెలు అటూ ఇటూ మారుతుంటాయి కాబట్టి వరుసలో ముందుగా వెళ్లి వడ్డించుకోమనండి. పప్పులో ఉప్పు ఉంది, కారం లేదు. చిన్న సీసాలో ఆవకాయ పట్టుకెళ్లనందుకు ఇప్పటికీ బాధపడుతున్నాను. కారు సంగతి మాత్రం నన్ను అడగవద్దు. మధ్యాహ్నం బిర్యానీ తిని ఎక్కాను. మూడో తిన్నె దగ్గర బండి ఆపించాను.

ఉద్దానం డ్రైవరు:
మాస్టారూ, మాది పలాస పక్క పల్లె. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను మా కొబ్బరి, జీడి చెట్లను పడగొట్టాక దుబాయ్ వెళ్లి, నాలుగేళ్లు ఈ ఎడారి బండే నడిపాను. అందుకని మొహమాటం లేకుండా చెబుతున్నాను. మీరు తిన్నెల మీదికి వెళ్లే బండి ఎక్కవద్దు.

ఆ పని ఎలా ఉంటుందో చెబితే కారణం మీకే తెలుస్తుంది. ఈ యాత్రలు జరిగే లహబాబ్ ఎడారిలో ఇసుక ఎర్రగా ఉంటుంది, అందులో ఇనుము పాలు ఎక్కువ. ఇసుకలో దిగే ముందు బండి ఆపి టైర్లలో గాలి సగానికి పైగా తీసేస్తాం. రోడ్డు మీద 35 ఉండేది 15 దాకా తగ్గుతుంది. ఒంటె పాదంలాగా టైరు పరుచుకుని ఇసుకలో దిగబడకుండా ఉండాలని. ఆ తర్వాత వేగం తగ్గితే బండి కూరుకుపోతుంది కనుక పైకి ఎక్కేటప్పుడు నెమ్మదిగా నడపడం కుదరదు. తిన్నె నెత్తి మీదికి వచ్చేదాకా అవతల ఏముందో డ్రైవరుకు కూడా కనిపించదు. దిగేటప్పుడు ముక్కు కిందికి పెట్టి తిన్నగా దిగాలి, అడ్డంగా తిరిగితే బోల్తా. ఈ ఎత్తి వేయడమంతా నేరుగా నడుం మీద పడుతుంది. అన్నిటికన్నా వెనక వరుసలో కూర్చున్నవాళ్లకు మరీ ఎక్కువ. గర్భిణులను, నడుం జబ్బు, గుండె జబ్బు ఉన్నవాళ్లను మేము ఎక్కించుకునేవాళ్లం కాదు. కానీ చాలామంది చెప్పకుండా ఎక్కేసేవారు. దిగాక నన్ను తిట్టేవారు.

తిన్నెల మీదికి కాకుండా నేరుగా గుడారాల దగ్గరికి తీసుకెళ్లే బండి కావాలని మీ అబ్బాయిని ముందే అడగమనండి. నన్నడిగితే అసలు యాత్ర పొద్దు గుంకాకే మొదలవుతుంది. పొద్దున్నుంచీ కాలిన ఇసుక గంటలో చల్లబడుతుంది, చెప్పులు విప్పి నడవండి. మన భావనపాడు సముద్రతీరం ఇసుకలా కాలికి అంటుకోదు, పిండిలా జారిపోతుంది. శాలువాలు మరిచిపోవద్దు.

వెళ్లగానే ఖర్జూరం, గహ్వా ఇస్తారు. అది మన కాఫీ కాదు. పాలూ పంచదారా ఉండవు, ఏలకుల వాసన ఉంటుంది. చాలనుకుంటే ఖాళీ కప్పును అటూ ఇటూ ఊపి ఇవ్వాలి, లేకపోతే మళ్లీ పోస్తారు. నేను మొదటిసారి మర్యాదకు ఆరు కప్పులు తాగాను. భోజనాల వేళ రంగురంగుల బరువైన గాగరా కట్టుకుని ఒకతను గిరగిరా తిరుగుతాడు. దాన్ని తనూరా అంటారు, ఈజిప్టు ఆట. మన తప్పెటగుళ్లవాళ్లు నయం, మధ్యలో ఊపిరి తీసుకుంటారు.

ఇంకొక మాట. డిసెంబరు 2 వాళ్ల జాతీయ దినం. ఆ సెలవుల్లో జనం విపరీతం, రోజు మార్చుకోండి.

నరసన్నపేట మాస్టారు:
బాబూ, చాలా మేలు చేశావు. అబ్బాయి గొణిగాడు గానీ బండి మార్చాడు, రోజు కూడా మార్చాడు. ఇప్పుడు కొత్త చిక్కు. కారు వద్దన్న మా ఆవిడే ఒంటె ఎక్కుతానంటోంది, నేను కింద నిలబడి ఫొటో తీయాలట. నేనూ ఎక్కవచ్చా?

ఉద్దానం డ్రైవరు:
సవారీ అయిదు నిమిషాలే, కానీ లేచేటప్పుడే ప్రమాదం. ఒంటె మొదట వెనక కాళ్లు ఎత్తుతుంది, పైనున్న మనిషి ముందుకు తూలతాడు. అమ్మగారిని ఆ క్షణంలో వెనక్కి వాలి, రెండు చేతులా పట్టుకోమనండి. దిగేటప్పుడూ అంతే. మీరు కిందే ఉండండి మాస్టారూ. మీ ఫోనులో మీరు తీసుకుంటే సరే. చేతి మీద డేగను కూర్చోబెట్టి ఫొటో తీస్తామని ఎవరైనా వస్తే మాత్రం, డేగ వాలకముందే ధర అడగండి.