భాస్వరం ఎక్కువ, జింక్ తక్కువ అని వచ్చింది. మిర్చికి భాస్వరం ఎరువైన డీఏపీ మానేయొచ్చా?

అందరికీ నమస్కారం. మాది పల్నాడు వైపు, నల్లరేగడి. మిర్చి వేసే ముందు భూసార పరీక్ష చేయించాం. పీహెచ్ 8.2 (అంటే కాస్త క్షార నేల), సేంద్రియ కర్బనం 0.42 శాతం. హెక్టారుకు నత్రజని 190 కిలోలు, భాస్వరం 64, పొటాష్ 710. జింక్ 0.4 పీపీఎం (పది లక్షల్లో వంతు).

నత్రజని 280 లోపుంటే తక్కువ, పొటాష్ 280 దాటితే ఎక్కువ, జింక్ కనీసం 0.6 ఉండాలి అని తెలుసు. ఇంతవరకు ఓకే. చిక్కంతా భాస్వరంతోనే. కార్డులో ఆ 64 ఉత్త భాస్వరమా, పి2ఓ5 (భాస్వరం, ఆక్సిజన్ కలిసిన ఆక్సైడ్) లెక్కా అన్నది రాయలేదు. మొదటిదైతే 25 దాటితేనే ఎక్కువ కాబట్టి మా నేలలో దండిగా ఉన్నట్టు. రెండోదైతే 2.29తో భాగించాలి, అప్పుడు 28 దగ్గరకొస్తుంది, అంటే హద్దు కాస్త దాటినట్టే. మీ కార్డుల్లో ఎలా ఇస్తున్నారు?

మా ఊళ్లో డీఏపీ వేయకుండా మిర్చి నాటేవాళ్లే లేరు, మా నాన్న కూడా అంతే. భాస్వరం ఎక్కువైతే మొక్కకు జింక్ సరిగా అందదంటారు కదా, నా టెన్షన్ అదే. ఈసారి డీఏపీ పూర్తిగా ఆపాలా, సగానికి తగ్గించాలా? జింక్ సల్ఫేట్ ఎకరానికి 20 కిలోలు ఆఖరి దుక్కిలో వేద్దామనుకుంటున్నా. ఈ పీహెచ్‌లో అది పనిచేస్తుందా, పైరు మీద పిచికారీ కూడా కావాలా? పశువుల ఎరువు ఎలాగూ తోలుతున్నాం.

రేగడిలో భాస్వరం తగ్గించి మిర్చి పండించినవాళ్లుంటే దిగుబడి ఎలా వచ్చిందో చెప్పండి అన్నా.