కెంపు కొనేముందు: బిల్లులో "నేచురల్" అని రాసిస్తే సరిపోతుందా?

పెన్నాతీరం:
చెల్లి పెళ్లికి కెంపు ఉంగరం చేయిద్దామని అమ్మ పట్టుబట్టింది. నెల్లూరులో ఒక షాపులో 3 క్యారెట్ల రాయి మొత్తం మూడు వేలకే ఇస్తామన్నారు. చెన్నైలో చూస్తే అదే సైజు, నా కంటికి అదే రంగు, క్యారెట్టే ముప్ఫై వేలు. ఇద్దరూ "నేచురల్ అండీ, బిల్లు మీద రాసిస్తాం" అంటున్నారు. మరి ఇంత తేడా ఎందుకు?

మిర్చియార్డు:
హాల్‌మార్క్ చూసుకోండి బ్రదర్, టెన్షన్ ఉండదు.

లూప్‌టెన్:
హాల్‌మార్క్ బంగారానికి. రాయి సంగతి దానికి పట్టదు. బంగారం క్యారెట్ స్వచ్ఛత, రాయి క్యారెట్ బరువు, అంటే 0.2 గ్రాములు. పేరొకటే, సంబంధం లేదు.
ఆ మూడు వేల రాయి దాదాపుగా గాజు నింపినదే అయుంటుంది. ఒళ్లంతా పగుళ్లున్న నాసిరకం కొరండంలోకి (కెంపు ఈ ఖనిజమే) సీసం కలిసిన గాజు కరిగించి ఎక్కిస్తారు. పగుళ్లు కనబడవు, రాయి తళతళలాడుతుంది. 2004 ప్రాంతంలో మొదలైన పద్ధతి ఇది. పది రెట్ల భూతద్దం కింద అటూ ఇటూ తిప్పితే లోపల నీలి మెరుపు తళుక్కుమంటుంది, గాలి బుడగలు కనిపిస్తాయి.

గోదారి అత్తయ్య:
రాయి భూమిలోంచి వచ్చిందా లేదా? వచ్చింది. అయితే నేచురలే. పచ్చల్లో నూనె పట్టించరా? కెంపుల్ని కాల్చరా? వాటికి లేని తప్పు దీనికెందుకు?

లూప్‌టెన్:
కాల్చడం వేరండీ. వెయ్యి డిగ్రీలు దాటిన వేడికి రంగు తేలుతుంది, మళ్లీ పోదు. అందుకే వ్యాపారంలో అందరూ ఒప్పుకున్నారు, చెప్పి అమ్మితే చాలు. పచ్చల్లో నూనె కూడా పాత అలవాటే, ఆరిపోతే మళ్లీ పట్టించవచ్చు. గాజు అలా కాదు. నిమ్మరసం కూడా దాన్ని తినేస్తుంది.

సిరివెన్నెల86:
పాలలో వేస్తే పాలు ఎర్రబడాలి, అప్పుడే అసలు కెంపు అనేది మా నానమ్మ.

లూప్‌టెన్:
ఎర్ర రాయి ఏది వేసినా పాలలో ఎర్రటి ఛాయ కనిపించవచ్చు. ఫ్యాక్టరీ కెంపు 1902 నుంచీ ఉంది, అదీ కొరండమే, గట్టిదనమూ అంతే. పాలు తాగేయండి.

గోదారి అత్తయ్య:
నా ప్రశ్నకి జవాబు రాలేదు. భూమిలోంచి వచ్చిందా, లేదా?

లూప్‌టెన్:
వచ్చింది! నీళ్లు కలిపినా అవి పాలేనంటే నేనేం చెప్పను?

గోదారి అత్తయ్య:
వెటకారం వద్దు నాయనా. మేము మూడు తరాలుగా ఒకే షాపులో కొంటున్నాం. మోసం షాపులో జరగదు, కంసాలి దగ్గర జరుగుతుంది. 2017లో ఉంగరం వదులు చేయమని ఒకాయనకి ఇచ్చాను. ఇచ్చినప్పుడు దానిమ్మ గింజలా ఉన్న రాయి, తెచ్చుకున్నాక చూస్తే తెల్లటి సాలెగూడులా గీతలు! రాయి మార్చేశాడు. వీధిలో నిలబెట్టి అడిగాను. చచ్చినా ఒప్పుకోలేదు.

లూప్‌టెన్:
ఆ సాలెగూడు ఏమిటో తెలుసా మీకు? టంకం పెట్టేటప్పుడు టార్చ్ వేడి తగిలితే, ఆ తర్వాత ఆసిడ్‌లో కడిగితే, నింపిన గాజు పోతుంది. పగుళ్లు బయటపడతాయి. అసలు మార్చేవాడు చూడగానే దొరికిపోయే రాయి పెడతాడా? రాయి మారలేదు. మీకు అమ్మిందే అది.
ఇంత గట్టిగా ఎందుకంటున్నానంటే, మా నాన్నదీ కంసాలి పనే. ఇలాగే ఒకావిడ దొంగ అంది. నాన్న నోరెత్తలేదు, కొత్త రాయి కొని పెట్టి ఇచ్చాడు. తర్వాత రాళ్లున్న నగ ముట్టుకోవడం మానేశాడు. నేను భూతద్దం పట్టుకున్నది అందుకే.

మిర్చియార్డు:
అమ్మో.

పెన్నాతీరం:
అయ్యా, నా ఉంగరం సంగతి?

లూప్‌టెన్:
క్షమించండి. "నేచురల్" అన్న మాట కాదు, "గాజు నింపలేదు" అన్న మాట రాయించుకోండి. కాల్చారా లేదా అన్నదీ రాయమనండి. బంగారం నికర బరువు వేరే, రాయి బరువు వేరే ఉండాలి, లేకపోతే రాయిని బంగారం రేటుకి కొన్నట్టే. రాయి పొదగకముందే ల్యాబ్‌కి పంపండి, పొదిగాక అన్ని వైపులా చూడటం కుదరదు. బడ్జెట్ లేకపోతే ఫ్యాక్టరీ కెంపు అని తెలిసే కొనుక్కోండి, అది నయం.

గోదారి అత్తయ్య:
నీ మాట నిజమైతే పాతికేళ్ల పెళ్లిరోజుకి మా ఆయన తెచ్చింది గాజుముక్క అన్నమాట. ఆయన ముప్ఫై ఎనిమిది వేలు పోశారు, జీతం డబ్బులు. అది అనగలవా నువ్వు?

లూప్‌టెన్:
ఆయన్ని అనడం లేదండీ. అమ్మినవాణ్ణి అంటున్నాను.

గోదారి అత్తయ్య:
ఆ అమ్మినాయన మా పెళ్లికి వచ్చి అక్షింతలు వేశాడు.

పెన్నాతీరం:
అప్‌డేట్. "గాజు నింపలేదు" అని రాసివ్వమన్నాను. చెన్నై వాళ్లు సరేనన్నారు, ల్యాబ్ ఖర్చు మాత్రం నాదేనట. నెల్లూరాయన నిన్నటి నుంచి ఫోన్ ఎత్తడం లేదు.

గోదారి అత్తయ్య:
ఆ భూతద్దం ఎక్కడ దొరుకుతుంది? ఒప్పుకున్నానని కాదు. ఆయన ఊళ్లో లేనప్పుడు చూస్తాను.