మనాలి–లేహ్ ఎక్కుళ్లకు సైకిలు పెడల్ దగ్గర 22 పళ్ల చక్రం: 48 పళ్లది పీకేయాలా, ఉంచాలా?

అన్నలూ, ఆ దారిలో సామానుతో తొక్కినవాళ్లు చెప్పాలె. పాలమూరు నుంచి ఇద్దరం ఆగస్టులో పోతున్నం. మనిషి, సైకిలు, టెంటు, పొయ్యి, ఐదు లీటర్ల నీళ్లు అన్నీ కలిపి 105 కిలోలు.

ముందు పెడల్ దగ్గరి మూడు చక్రాలకు 48-38-28 పళ్లు, వెనక చక్రాలకు 11 నుంచి 32 పళ్లు, టైర్లు 700×35. అన్నిటికంటే తేలిక గేర్లో పెడల్ ఒక్క చుట్టుకు బండి 1.9 మీటర్లు పోతుంది. నిమిషానికి 60 చుట్లంటే గంటకు 7 కిలోమీటర్లు. మన్ననూరు ఘాటుకు ఇది చాలు. లేహ్ దారిలోని తంగ్లంగ్ లా కనుమ మాత్రం 5,300 మీటర్ల పైన. ఊపిరికి అందే ఆక్సిజన్ ఇక్కడి దాంట్లో దాదాపు సగమే.

అందుకే 28 తీసి 22 వేద్దామని. బోల్టులు కూర్చునే వలయం వ్యాసం 64 మిల్లీమీటర్లు కాబట్టి కూర్చుంటుంది. చిక్కు డెరైలర్లతోనే (చైనును ఒక పళ్ల చక్రం మీద నుంచి ఇంకోదాని మీదికి మార్చేవి). వెనకది ముందు తేడా, వెనక తేడా కలిపి 43 పళ్ల వరకే చైను లాగి పట్టుకుంటుంది; 48 ఉంచితే లెక్క 26, 21 కలిపి 47కు పోతుంది, చిన్నదాని మీద చిన్నది పడ్డప్పుడు చైను వేలాడుతుంది. ముందు డెరైలరేమో 20 పళ్ల తేడాకు చేసింది, 48కి 22కి తేడా 26.

48 తీసి దాని చోట చైన్ గార్డు బిగిస్తే మొత్తం తేడా 37కు దిగుతుంది, చైనులో నాలుగు లింకులు తగ్గించొచ్చు. దారిలో చదునుగా ఉండే మోర్ మైదానంలో ముందు 38, వెనక 11 చాలనే అనుకుంటున్నం. కానీ ముందు డెరైలర్‌ను 38కి సరిపడా కిందికి దించితే దాని తోక చైన్‌స్టేకు (పెడల్ దగ్గర నుంచి వెనక చక్రానికి పోయే ఫ్రేము గొట్టం) తగులుతుందా? తగిలితే 38కి చేసిన వేరే డెరైలర్ కొనాల్నా, లేక పైనే వదిలేసి నిదానంగా మార్చుకుంటే నడుస్తదా?

ఇంకోటి: గ్యాస్ డబ్బా రైల్లో తీసుకుపోనియ్యరు. కీలాంగ్ దాటినంక కిరోసిన్ దొరుకుతుందా?