ఇలోనా ఎలెక్: 1936లో స్వర్ణం, 41 ఏళ్ల వయసులో మళ్లీ స్వర్ణం, ఎలా సాధ్యమైంది?

ఆటలపిచ్చి:
హంగరీ ఫెన్సర్ (కత్తిసాము క్రీడాకారిణి) ఇలోనా ఎలెక్ గురించి చదువుతున్నాను. 1936 బెర్లిన్ ఒలింపిక్స్‌లో ఫాయిల్ (సన్నటి, తేలికైన కత్తితో ఆడే పోటీ) స్వర్ణం గెలిచింది, ఆ తర్వాత యుద్ధం వల్ల 1940, 1944 ఒలింపిక్స్ జరగనే లేదు, 1948లో లండన్ వచ్చేసరికి ఆమెకు 41 ఏళ్లు, అయినా మళ్లీ స్వర్ణమే. యుద్ధంలో అందరి ప్రాక్టీసూ దెబ్బతిని పోటీ పలచబడిందా, లేక నిజంగానే అంత గొప్ప ఫెన్సరా? తెలిసినవాళ్లు చెప్పండి.

ఫాయిల్67:
పోటీ పలచబడలేదండి. లండన్‌లో కాంస్యం ఎవరిదో చూడండి, ఆస్ట్రియా ఎలెన్ ప్రైస్‌ది. ఆమె 1932 ఒలింపిక్ విజేత, 1947లోనూ 1949లోనూ ప్రపంచ ఛాంపియన్.

ఇంకో సంగతి, ఎలెక్‌ది ఎడమచేతి వాటం. ఫాయిల్‌లో మొండెం మీద కత్తి మొన తగిలితేనే టచ్, అంటే పాయింట్. ఏళ్ల తరబడి కుడిచేతి వాళ్లతో సాధన చేసినవాళ్లకి ఎడమచేతి కత్తి ఎదురైతే, దాన్ని ఎటు నెట్టాలన్న అలవాటే తిరగబడిపోతుంది. పైగా అప్పటికి ఫాయిల్‌కి టచ్ తగిలితే వెలిగే కరెంటు లైట్లు లేవు, నలుగురు జడ్జీలు కళ్లప్పగించి చూసి చెయ్యెత్తితే ప్రెసిడెంట్ (ప్రధాన రిఫరీ) తేల్చేవాడు. అంటే టచ్ తగిలితే చాలదు, తగిలినట్టు కనబడాలి కూడా. దూరం, అదను తెలిసిన అనుభవజ్ఞులకి అలాంటి ఆట కలిసొస్తుందని నా నమ్మకం.

పాతరికార్డులు:
ఫాయిల్67 గారూ, సగమే ఒప్పుకుంటాను. 1948లో పతకాలు తెచ్చుకున్న ముగ్గురూ ముప్పై దాటినవాళ్లే, యుద్ధం లేకుంటే ఎదిగి వచ్చే కుర్రతరం అక్కడ లేదు. కానీ 1952 హెల్సింకి చూస్తే నా వాదన నాకే నిలబడట్లేదు. 45 ఏళ్ల ఎలెక్, 26 ఏళ్ల ఇటలీ అమ్మాయి ఇరేనే కాంబెర్‌తో సమంగా నిలిచి ప్లే-ఆఫ్‌లో ఓడింది. అంతకుముందు ఏడాదే ప్రపంచ టైటిల్ గెలిచింది కూడా.

నన్ను నిజంగా కదిలించేది వేరే ఉంది. ఆమె తండ్రి యూదుడు. బెర్లిన్‌లో హిట్లర్ ప్రభుత్వం జరిపిన ఆటల్లో ఆమె ఓడించింది జర్మనీ తరఫున ఆడిన హెలెన్ మేయర్‌ని, మేయర్ తండ్రీ యూదుడే. 1944లో దాదాపు ఎనిమిది వారాల్లో హంగరీ నుంచి 4 లక్షల మందికి పైగా యూదుల్ని రైళ్లలో నాజీ మరణ శిబిరాలకు తరలించారు. బెర్లిన్‌లోనే సేబర్ (ఇంకో రకం కత్తి పోటీ) స్వర్ణం గెలిచిన యూదు ఫెన్సర్ ఎండ్రే కాబోష్ ఆ ఏడాది నవంబరులో బుడాపెస్ట్ మార్గరెట్ వంతెన పేలుడులో చనిపోయాడు. అలాంటి ఊరి నుంచి నాలుగేళ్లకి వచ్చి గెలవడం అంటే ఆలోచించండి.

ఆటలపిచ్చి:
కాబోష్ సంగతి నాకు తెలియదు, చాలా థాంక్స్ అండి. మరి ఆమెకు ఒలింపిక్స్‌లో టీం మెడల్ ఒక్కటీ లేదేం?

ఫాయిల్67:
పోటీయే లేదండి! ఆడవాళ్ల టీం ఫాయిల్ ఒలింపిక్స్‌లోకి వచ్చిందే 1960లో. 1948 ఫైనల్లో ఆమె చెల్లెలు మార్గిట్ కూడా ఉంది, టీం ఈవెంట్ ఉండుంటే హంగరీని ఆపడం ఎవరికైనా కష్టమయ్యేది.