ఈ వారం సమస్య: తల్లి మొగము జూడఁ దనయ వెఱచె

నిర్వాహకుడు, హనుమకొండ: వీడియో కాల్ అనగానే ఎందుకు వెనకాడతారో పూరణలో, అంటే ఈ పాదంతో ముగిసే ఆటవెలది పద్యంలో, చెప్పండి. పురాణాల్లోకి పారిపోవద్దు.

పరకాల:
గొంతు దాచు గాని కొంత దుఃఖంబును
కండ్ల కింది నలుపు కాన రాదె
నిద్ర లేని రాత్రి నిజమెల్ల దెలియదే
తల్లి మొగము జూడఁ దనయ వెఱచె

కాజీపేట: రెండో పాదం మంచి పట్టు, అన్నా. ఉగాది పూరణలో తప్పిన యతి, అదే పాదం మొదటి అక్షరానికి మధ్యలో పడాల్సిన జత, ఇక్కడ కుదిరింది. నాది:
మూల చిన్న తెరను ముడుతలు పడినట్టి
తనదు మొగమె తల్లిదగుచు దోచె
అపుడె యింత వయసె యన్నట్టి భయముతో
తల్లి మొగము జూడఁ దనయ వెఱచె

జగిత్యాల: అక్కా, 'తల్లిదగుచు' దగ్గర ఆగిపోయిన! తల్లి మొగమంటే తన మొగమేనని తిప్పడం నాకు తట్టనే లేదు. మూలన మన బొమ్మ ఉంటే కండ్లు అటే పోతాయి, అవతలి మాట సగం వినబడదు.
పరకాల అన్నది మాత్రం మా వాడకట్టులో రోజూ చూస్తున్నదే. గల్ఫ్ పోయిన పిల్లగాడొకడు ఇస్త్రీ అంగీ తొడిగి, వెనక రెండంతస్తుల మంచం కనబడకుండా గోడకు ఆనుకున్నాకే వీడియో పెడతాడు. మిగతా రోజుల్లో "నెట్ సరిగ లేదమ్మా" అంటాడు.

జనగామ:
కెమెరా పైన నుండు, కిందుగా తల్లుండు
కండ్లు కండ్ల తోడ కలియ వెపుడు
చూపు దించె ననుచు శోకించు నేమొకో
తల్లి మొగము జూడఁ దనయ వెఱచె

పరకాల: తమ్మీ, ఈ వారం దీన్ని మించిన ఊహ రాదు. తెర మీది అమ్మ కండ్లలోకి చూస్తే అమ్మకు మనం తల దించినట్టే కనబడుతుంది, నిజం. కానీ 'కెమెరా' సూర్యగణం (గురువు, లఘువు లేదా మూడు లఘువులు; అంటే పొడుగు, పొట్టి అక్షరాలు) ఎట్లయింది? 'కెమెర' అంటే నిలిచేది.
కాజీపేట చెల్లెకు: ఉగాదిది ప్రాసయతి, మొదటక్షరాలకు బదులు రెండో అక్షరాలు కలిసేది. ఆటవెలదికి చెల్లుతుంది.

కాజీపేట: చెల్లుతుంది, వాటి ముందున్న అక్షరాల గురులఘువులు కలిస్తే. మీ పాదంలో ఒకటి గురువు, ఒకటి లఘువు.

నిర్వాహకుడు: ఉగాది లెక్క అక్కడే తేల్చుకోండి. ఈ వెనకాట పాతదే. అమెరికా టెలిఫోన్ కంపెనీ బెల్ సంస్థవాళ్లు 1964లో న్యూయార్క్ ప్రపంచ ప్రదర్శనలో పిక్చర్‌ఫోన్ (మొగం కనబడే ఫోన్) చూపించి, 1970లో పిట్స్‌బర్గ్‌లో సేవ మొదలుపెడితే జనం పెద్దగా తీసుకోలేదు. ధర ఒక కారణమే, కానీ ఫోన్ మోగినప్పుడల్లా మొగం సర్దుకొని కూర్చోవడం ఎవరికి ఇష్టం? జనగామ తమ్ముడూ, 'కెమెర' అని దిద్దితే మొదటి స్థానం నీదే.

జనగామ: అక్షరం కోసం మాట విరవను సార్. ఎత్తుగడే మారుస్తా, రేపటిదాకా ఆగండి.